‘మేము’, ‘మనము’: భాషావిద్యార్థికి ఇంట చోటివ్వడంలోని నైతిక ప్రశ్న

ప్రస్తావన

తెలుగులో ఉత్తమపురుష బహువచనానికి రెండు రూపాలున్నాయి. వినేవారిని మినహాయించేది ‘మేము’. వినేవారిని కలుపుకొనేది ‘మనము’. ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్ వంటి భాషలు మాట్లాడుతూ పెరిగినవారికి తెలుగు నేర్చుకొనే తొలినాళ్లలోనే ఈ భేదం ఎదురవుతుంది. దాని సూత్రం ఒక్క పాఠంలో బోధపడుతుంది. ప్రయోగంలో మాత్రం తడబాటు చాలాకాలం ఉంటుంది. ఏ సందర్భంలో తాను ‘మనము’లో భాగమో, ఏ సందర్భంలో కాదో నిర్ణయించేది వ్యాకరణ గ్రంథం కాదు, ఎదుట ఉన్న మనుషులు. తెలుగు కుటుంబంతో కొన్ని నెలలు కలిసి ఉంటూ భాష నేర్చుకొనే విదేశీ విద్యార్థి విషయంలో ఈ సంగతి మరింత తేటపడుతుంది. “రేపు మేము పెళ్లికి వెళ్తున్నాం”, “రేపు మనం పెళ్లికి వెళ్తున్నాం” అనే రెండు వాక్యాల్లో ఏది వినిపించిందన్న దానిని బట్టి ఆ ఇంట అతని స్థానం తెలిసిపోతుంది.

విదేశీయులు తెలుగు నేర్చుకోవడం కొత్త విషయం కాదు. 1812లో మద్రాసులో ఏర్పడిన సెయింట్ జార్జ్ కోట కళాశాలలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు తెలుగు చదివారు. 1961లో స్థాపితమైన అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ భారతీయ భాషల బోధనలో భాగంగా హైదరాబాదులో తెలుగు నేర్పుతూ వచ్చింది. ఇటువంటి బోధనలో తరగతి గదికి తోడుగా విద్యార్థిని స్థానిక కుటుంబంలో ఉంచే పద్ధతి ప్రపంచమంతటా వ్యాప్తిలో ఉంది. కుటుంబం గది ఇస్తుంది, భోజనం పెడుతుంది, మాట్లాడుతుంది. దీనికి సాధారణంగా కొంత సొమ్ము ముడుతుంది.

ఈ ఏర్పాటు ప్రయోజనాన్ని గురించి భాషాబోధకులకు చెప్పనక్కరలేదు. దానిలోని నైతిక సంబంధం మాత్రం తగినంత విచారణకు రాలేదు. వచ్చినవాడు అతిథియా, అద్దెకున్నవాడా, శిష్యుడా, ఇంటి బిడ్డా? ఆతిథేయి అతనికి ఏమి ఋణపడి ఉంటాడు? అతడు ఆ ఇంటికి ఏమి ఋణపడతాడు? ఈ ప్రశ్నలను తెలుగు సాహిత్య సంప్రదాయంలోని ఆతిథ్య రూపాల సాయంతోను, తెలుగు భాషా నిర్మాణం సాయంతోను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. భాషావిద్యార్థి పట్ల ఆతిథ్య ధర్మం అన్నం, గది ఇవ్వడంతో పూర్తికాదనీ, సమయం వచ్చినప్పుడు ‘మేము’ నుండి ‘మనము’కు మారడానికి ఆతిథేయి సిద్ధపడటంలోనే అది నెరవేరుతుందనీ, అయితే ఆ మార్పును కోరే హక్కు అతిథికి లేదనీ ఇందులో ప్రతిపాదన.

అతిథి అనే మాట పరిధి

విదేశీయునికి ఇంట చోటివ్వడం గురించిన చర్చ వచ్చినప్పుడు తైత్తిరీయోపనిషత్తులోని ఉపదేశాన్ని స్మరించడం పరిపాటి. తల్లి, తండ్రి, ఆచార్యుడు, అతిథి అనే నలుగురినీ దైవంగా భావించమన్న ఆ ఉపదేశం శిక్షావల్లిలో, చదువు ముగించి వెళ్తున్న శిష్యునికి గురువు చెప్పే మాటల్లో భాగం. ఈ సందర్భాన్ని సాధారణంగా విస్మరిస్తారు. అంతవరకు ఇతరుల ఇంట ఉండి చదువుకొన్నవాడు ఇక తానే గృహస్థుగా ఇతరులకు చోటివ్వవలసి ఉన్నది. అంటే ఆతిథ్యం పొందిన విద్యార్థి ఆతిథ్యం ఇచ్చే వ్యక్తిగా మారే మలుపులో ఆ మాట పుట్టింది. దానిని కేవలం గృహస్థు ఔదార్యానికి ప్రశంసగా చదివితే విద్యకూ ఆతిథ్యానికీ ఉన్న ఈ లంకె జారిపోతుంది. అదే చోట దానం ఎలా చేయాలో కూడా గురువు చెబుతాడు. శ్రద్ధతో, బిడియంతో, భయంతో, ఎరుకతో ఇవ్వమంటాడు. ఇచ్చేవానికి గర్వం కాక బిడియం ఉండాలన్న ఈ షరతు ముందు ముందు చర్చకు పనికివస్తుంది.

ధర్మశాస్త్రాల్లో అతిథి నిర్వచనం చాలా ఇరుకైనది. మనుస్మృతి ప్రకారం ఒక రాత్రి మాత్రమే ఉండేవాడు అతిథి. నిలకడగా ఉండకపోవడం చేతనే అతనికి ఆ పేరు. పైగా అక్కడ అతిథి అనగా బ్రాహ్మణుడనే ఉద్దేశం. తక్కిన వర్ణాల వారికి పెట్టే అన్నానికి వేరే వరుస, వేరే పేరు ఉన్నాయి. కనుక నెలల తరబడి ఉండే, వేరొక దేశం నుండి వచ్చిన, కులమంటూ లేని భాషావిద్యార్థి శాస్త్రం చెప్పిన అతిథి కాడు. అతనికి ఆ పేరు పెట్టడం వల్ల ఒక చిక్కు ఉంది. ఒక రాత్రి ఉండి పోయేవానికి తగిన మర్యాదనే నెలలు ఉండేవానికీ వర్తింపజేస్తే, అతడు ఆ ఇంట ఎన్ని నెలలున్నా మొదటి రాత్రి దగ్గరే ఆగిపోతాడు.

ఈ చిక్కును మరొక దిక్కు నుండి ఇమ్మాన్యుయేల్ కాంట్ గుర్తించాడు. శాశ్వత శాంతిని గురించి 1795లో రాసిన గ్రంథంలో ఆయన పరాయి నేలకు వచ్చినవానికి శత్రువుగా చూడబడకుండా ఉండే హక్కు ఉందన్నాడు. అది సందర్శించే హక్కు మాత్రమే. కొంతకాలం ఇంటి మనిషిగా ఉండాలంటే అందుకు దయతో కూడిన ప్రత్యేక ఒడంబడిక కావాలన్నాడు. కాంట్ పక్కకు పెట్టిన ఈ ఒడంబడికే భాషావిద్యార్థి విషయంలో ప్రధానాంశం. అతడు కోరుతున్నది దారిన పోతూ తలదాచుకోవడం కాదు, కొంతకాలం ఇంటి మనిషిగా ఉండటం. అది హక్కుగా రాదు, అంగీకారంతో రావాలి. ఆ అంగీకారంలో ఏమేమి ఉన్నాయన్నదే ప్రశ్న.

ఈ ఒడంబడికకు మూడో పక్షం కూడా ఉంది. భారతదేశంలో విదేశీయునికి వసతి ఇచ్చినవారు ఇరవైనాలుగు గంటల్లో అధికారులకు ఆ సమాచారం తెలపాలి. హోటలుకైనా ఇంటికైనా ఇదే నియమం. గడపలో అడుగుపెట్టిన మొదటి రోజునే ఇంటివారు అతిథిని నమోదు చేస్తారు. చట్టం దృష్టిలో ఇది సహజమే. ఆతిథ్యం దృష్టిలో మాత్రం దీని అర్థం ఒకటే. ఇంటి యజమాని ‘రండి’ అన్న మాటకు వెనుక రాజ్యం అడిగిన ‘ఎవరు, ఎందుకు, ఎన్నాళ్లు’ అనే ప్రశ్న ఉంది. ఈ సంబంధం మొదలయ్యేటప్పటికే ఇరుపక్షాల బలం సమానంగా లేదు.

వారాలు, పూటకూళ్లు: వెల ప్రశ్న

సొమ్ము తీసుకొన్నాక అది ఆతిథ్యం ఎలా అవుతుందన్నది మొదటి అభ్యంతరం. తెలుగు సమాజానికి దీనిపై రెండు పాత అనుభవాలున్నాయి.

మొదటిది వారాలు చేసుకొని చదువుకొనే పద్ధతి. పొరుగూరిలో చదువుకొనే పేద బ్రాహ్మణ విద్యార్థి వారంలో రోజుకొక ఇంట భోజనం చేసేవాడు. సోమవారం ఒకరింట, మంగళవారం మరొకరింట. తెలుగువారి స్వీయచరిత్రల్లోను, కథల్లోను వారాలబ్బాయి తరచుగా కనిపిస్తాడు. ఇది వెల లేని ఆతిథ్యం, విద్యార్థి కోసమే ఏర్పడిన ఆతిథ్యం. అయితే అందులో విద్యార్థి ఏ ఇంటికీ చెందడు. ఒకే ఇంట వరుసగా రెండు రోజులు ఉండకపోవడం భారాన్ని పంచే ఉపాయం. అదే సమయంలో ఎవరితోను ముడి పడకుండా ఉంచే ఉపాయం కూడా. వెల లేని ఆ అన్నంలో కృతజ్ఞతా భారం, చిన్నతనం కలిసి ఉండేవి. పెట్టిన ఇంట మాట అనడానికి వారాలబ్బాయికి నోరు ఉండేది కాదు. కులం ఒకటి కావడం ఆ పద్ధతికి చెప్పని షరతు.

రెండోది పూటకూళ్ల ఇల్లు. వినుకొండ వల్లభరాయని ‘క్రీడాభిరామం’లోనే ఓరుగల్లులో డబ్బుకు అన్నం పెట్టే పూటకూటి ఇంటి ప్రస్తావన ఉంది. టంగుటూరి ప్రకాశం తండ్రి మరణం తరువాత ఆయన తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను పెంచిన సంగతి ‘నా జీవిత యాత్ర’ చదివినవారికి తెలుసు. సమాజం పూటకూళ్లమ్మను గౌరవంగా చూడలేదు. అన్నం అమ్ముకోవడం పాపమన్న భావం ఆ చిన్నచూపుకు మూలం. గురజాడ ‘కన్యాశుల్కం’లో పూటకూళ్లమ్మ ఇరవై రూపాయలు తెచ్చే సామాను కోసం ఇస్తే గిరీశం వాటిని సొంతానికి వాడుకొని ఎగవేస్తాడు. నాటకంలో నవ్వు పుట్టించే ఘట్టమే అయినా, నమ్మకం ఎవరిది, ద్రోహం ఎవరిదన్నది అక్కడ స్పష్టం. వెల పుచ్చుకొన్న ఆమె నమ్మింది. వెల చెల్లించవలసినవాడు వంచించాడు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే వెల ఉండటం ఆతిథ్యాన్ని చంపుతుందని, వెల లేకపోవడం దానిని పవిత్రం చేస్తుందని చెప్పడం కష్టం. సొమ్ము చెల్లించడం వల్ల భాషావిద్యార్థికి వారాలబ్బాయికి లేని ఒక స్వేచ్ఛ లభిస్తుంది. అన్నానికి, గదికి తాను ఎవరికీ తలవంచనక్కరలేదు. ఆ రెండింటి లెక్క నెలాఖరున తీరిపోతుంది. కుటుంబానికి కూడా అది న్యాయమే. నెలల తరబడి ఒక మనిషిని పోషించగల స్తోమత ఎందరికో ఉండదు. సొమ్ము లేకపోతే ఈ అవకాశం సంపన్నుల ఇళ్లకే పరిమితమవుతుంది.

అయితే విద్యార్థి వచ్చింది అన్నం కోసం కాదు, మాట కోసం. ఇంటివారి మాటకు వెల కట్టడం సాధ్యమా? రోజుకు ఇన్ని గంటలు మాట్లాడాలని ఒప్పందంలో రాసుకోవచ్చు. అలా మాట్లాడిన మాట పాఠం అవుతుంది. విద్యార్థికి కావలసింది ఇంటివారు తమలో తాము అనుకొనే మాట, కోపంలో జారిన మాట, పప్పులో ఉప్పు ఎక్కువైనప్పుడు వచ్చిన మాట. అవి అమ్మకానికి పెట్టగానే స్వభావం మారిపోతాయి. కనుక ఒడంబడికలో సొమ్ముతో తీరే భాగం ఒకటి, తీరని భాగం ఒకటి ఉన్నాయి. ఈ రెండింటినీ కలగలపడం వల్లనే వివాదాలు వస్తాయి. డబ్బిచ్చాను కనుక నాతో మాట్లాడాలని విద్యార్థి అనుకోవడం ఎంత పొరపాటో, తిండి సరిగా పెడుతున్నాం కనుక మా బాధ్యత తీరిందని ఇంటివారు అనుకోవడం అంతే పొరపాటు.

మర్యాదే అడ్డుగోడ

విదేశీ విద్యార్థి రాగానే చదువుకొన్న తెలుగు కుటుంబం చేసే మొదటి మర్యాద ఇంగ్లీషులో మాట్లాడటం. వచ్చినవానికి ఇబ్బంది కలగకూడదన్నది ఉద్దేశం. ఇందులో దురుద్దేశం ఏమాత్రం లేదు. ఫలితం మాత్రం, అతడు దేనికోసం సముద్రాలు దాటి వచ్చాడో దానిని అతనికి అందకుండా చేయడం. అతడు కూడబలుక్కొని తెలుగులో అడిగిన ప్రశ్నకు చురుకైన ఇంగ్లీషులో జవాబు వస్తుంది. ఆ జవాబు అర్థం ఒక్కటే: ‘నీ తెలుగు మాకు అవసరం లేదు.’

జాక్ దెరిదా ఆతిథ్యంపై 1996లో చేసిన, మరుసటి ఏడు గ్రంథరూపంలో వచ్చిన ఉపన్యాసాల్లో పరదేశి తనది కాని భాషలో ఆతిథ్యం అర్థించవలసి రావడాన్ని మొదటి హింసగా గుర్తించాడు. మన భాష మాట్లాడితేనే లోపలికి రానిస్తామనే షరతు ఆతిథ్యానికి విరుద్ధమన్నది ఆయన ఆందోళన. భాషావిద్యార్థి విషయంలో ఈ వాదం తలకిందులవుతుంది. అతడు ఆతిథేయి భాషలో అర్థించడానికే వచ్చాడు. ఆ భాషను అతనిపై ఎవరూ రుద్దలేదు, అతడే కోరుకొన్నాడు. ఇక్కడ హింస వేరొక రూపంలో ఉంది. అతని సౌకర్యం పేరిట ఆతిథేయి తన భాషను దాచుకొంటాడు. దెరిదా పరిశీలించిన పరదేశి ఆశ్రయం కోరి వచ్చినవాడు. భాషావిద్యార్థి పరదేశంలో తప్పులు మాట్లాడే అవకాశం కోరి వచ్చినవాడు. ఇద్దరికీ ఒకే సూత్రం వర్తించదు.

ఇంగ్లీషులోకి మారడం వెనుక చరిత్ర కూడా ఉంది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు వచ్చినప్పుడు భాష నేర్చుకొనే విదేశీయుడే ఇంటి యజమాని. జూలూరి అప్పయ్య వంటి పండితులు అతని వద్ద జీతానికి పనిచేశారు. సొంత సొమ్ము ఖర్చు చేసి, అప్పుల పాలై బ్రౌన్ తెలుగు గ్రంథాలను కాపాడాడన్నది వాస్తవం. ఆ కాలంలో తెలుగు మాట విద్యార్థి ఇంటికి వెళ్లి జీతం తీసుకొనేదన్నది కూడా వాస్తవమే. ఈనాడు విద్యార్థి తెలుగు ఇంటికి వస్తున్నాడు. గడప ఎవరిదన్నది మారింది. అయినా విదేశీయుని ఎదుట తన భాషను పక్కన పెట్టి అతని భాషలో మాట్లాడటమే గౌరవమన్న అలవాటు మారలేదు. ఆతిథేయి తన ఇంట తన భాషలో నిలబడటం విద్యార్థి పట్ల ఉపకారమే కాదు, తన పట్ల తాను చేసుకొనే న్యాయం కూడా.

మర్యాదకు రెండో రూపం ‘మీరు’. ఇరవై ఏళ్ల విద్యార్థిని ఇల్లంతా ‘మీరు’ అంటుంది. ‘కూర్చోండి’, ‘తినండి’, ‘వద్దులెండి, మేం చేస్తాం’. కృష్ణమూర్తి, గ్విన్ 1985లో ప్రచురించిన ఆధునిక తెలుగు వ్యాకరణం వంటి గ్రంథాలు మధ్యమపురుష భేదాలను చక్కగా వివరిస్తాయి. కాని ఆ ఇంట విద్యార్థి చెవిన పడేది ఒక్క రూపమే. తెలుగులో ‘నువ్వు’ అగౌరవానికి మాత్రమే గుర్తు కాదు. చాలా ఇళ్లలో తల్లిని ‘నువ్వు’ అంటారు, తండ్రిని ‘మీరు’ అంటారు. దేవుణ్ణి పిలిచేది ఏకవచనంలోనే. స్నేహితుణ్ణి ‘మీరు’ అంటే స్నేహం చల్లారిందని అర్థం. ‘నువ్వు’ అనిపించుకోని మనిషికి తెలుగులో సగం క్రియారూపాలు ఎప్పటికీ పరాయివే. ‘తిను’, ‘రా’, ‘పో’, ‘చెప్పవేం’ అన్న మాటలు అతని వైపు రావు. తన వైపు రాని మాటను మనిషి చదివి తెలుసుకోగలడు కాని, దానిలో జీవించలేడు.

వరస కలపడం

తెలుగు ఇల్లు పరాయివానిని లోపలికి తీసుకొనే అసలు పద్ధతి వరస కలపడం. రక్తసంబంధం లేకపోయినా పిన్ని, బాబాయి, అత్తయ్య, మావయ్య, అన్నయ్య అని పిలుచుకొంటారు. ఇది పలకరింపు తీరు మాత్రమే అనిపించవచ్చు. ద్రావిడ బంధుత్వ వ్యవస్థపై థామస్ ట్రాట్‌మన్ 1981లో వెలువరించిన గ్రంథం చూపినట్లు, ఇక్కడ బంధుత్వ పదాలు ఒక పటిష్ఠమైన తర్కాన్ని పాటిస్తాయి. ఇంటి ఇల్లాలిని పిన్ని అంటే ఆమె కూతురు విద్యార్థికి అక్క లేదా చెల్లెలు. అదే అత్తయ్య అంటే ఆ కూతురు వదిన లేదా మరదలు, అంటే పెళ్లాడదగిన వరస. ఒక్క పిలుపుతో ఇంట అందరి స్థానాలు మారిపోతాయి. ఏ పిలుపును ఎంచుకోవాలో విద్యార్థికి తెలియదు, ఇంటివారే చెప్పాలి.

అనేక ఇళ్లలో దీనికి పరిష్కారంగా ‘ఆంటీ’, ‘అంకుల్’ వస్తాయి. వాటితో పిన్నికీ అత్తకూ భేదం పోతుంది, చిక్కూ పోతుంది. అయితే దానితోపాటు వరస కూడా పోతుంది. వరస లేని చోట బాధ్యత కూడా మసకగానే ఉంటుంది. బాబాయి మందలించవచ్చు, అంకుల్ సలహా మాత్రమే ఇస్తాడు. అన్నయ్య అనిపించుకొన్న విద్యార్థి ఇంటి పిల్లవాని లెక్కలు చూడాలి, కూరగాయలకు వెళ్లాలి. ఈ బాధ్యతల లోపలే భాష ఉంది. వరస కలిపిన ఇంట విద్యార్థికి పనులు పడతాయి, తిట్లు పడతాయి, కొన్ని స్వేచ్ఛలు పోతాయి. తమ ఆడపిల్ల రాత్రి ఎన్ని గంటలకు ఇల్లు చేరాలని ఇంటివారు కోరుకొంటారో విదేశీ విద్యార్థిని విషయంలోనూ అదే కోరవచ్చు. ఆమెకు అది నిర్బంధంగా తోచవచ్చు. ఇంట చేరడానికి చెల్లించే వెల ఇది. ఇది ముందే తెలిసి ఒప్పుకొన్నదై ఉండాలి. ప్రేమ పేరిట తెలియకుండా విధించరాదు. కాంట్ చెప్పిన ఒడంబడికను తెలుగులోకి తెస్తే అది వరస ఒడంబడిక అవుతుంది. అందులో ఇరువురికీ ‘వద్దు’ అనే అవకాశం ఉండాలి.

ఇంటి మాట విన్నవాడు

శాస్త్రాలు ఆతిథ్యాన్ని గృహస్థు ధర్మమన్నాయి. చేసేది ఎక్కువగా ఇల్లాలు. విద్యార్థి రాకకు ఒప్పుకొన్నది భర్త కావచ్చు. ఒక పొయ్యి మీద అదనంగా వండేది, కారం తగ్గించి వేరే గిన్నెలో తీసేది భార్య. నెలనెలా వచ్చే సొమ్ము ఎవరి చేతికి వస్తున్నదన్న ప్రశ్న ఆతిథ్య చర్చల్లో అరుదుగా వినిపిస్తుంది. భాషాబోధన దృష్టితో చూసినా ఇంట అత్యుత్తమ ఉపాధ్యాయురాలు సాధారణంగా ఆమే. వంటిల్లే ఉత్తమ తరగతి గది. తాలింపు, ఎసరు, పోపుగింజలు, అట్లకాడ వంటి మాటలు అక్కడే చేతితో పాటు నోటికి వస్తాయి. అయితే ఎన్నో ఇళ్లలో ‘మేము’ అత్యంత గట్టిగా ఉండే చోటు కూడా వంటిల్లే. మడి, ఆచారం, తినేవి తిననివి అనే భేదాలు అక్కడ కాపు కాస్తాయి. హాలులో ‘మన ఇల్లే అనుకోండి’ అన్న నోటితోనే వంటింటి గుమ్మం దగ్గర ‘మీరు అక్కడే ఉండండి’ అనవలసి వస్తుంది.

ఇంతకన్న లోతైన పరీక్ష మరొకటి ఉంది. ఇంట పనిచేసే స్త్రీతో కుటుంబం మాట్లాడే తీరు విద్యార్థి చెవిన పడుతుంది. వయసులో పెద్దదైన ఆమెను ఇంటి పిల్లలు కూడా ‘నువ్వు’ అంటారు. ఆమె పిల్లలను సైతం ‘బాబుగారు’ అంటుంది. విద్యార్థి తరగతిలో పెద్దవారిని ‘మీరు’ అనాలని నేర్చుకొన్నాడు. ఆ సూత్రాన్ని అమాయకంగా పాటించి ఆమెను ‘మీరు’ అన్నాడనుకొందాం. ఇల్లు నవ్వుతుంది, లేదా ఇబ్బందిపడుతుంది. లేక ‘ఆమె నాకన్న పెద్దది కదా, ‘నువ్వు’ అని ఎందుకు అంటున్నారు?’ అని అడిగాడనుకొందాం. అతడు అడిగింది వ్యాకరణ ప్రశ్న. ఇంటికి ఎదురైంది నైతిక ప్రశ్న. ఆ నియమం ఏమిటో వివరించబోతే వయసు కన్న కులం, జీతం బలమైనవని ఆతిథేయి తన నోటితో ఒప్పుకోవలసి వస్తుంది.

పరాయివానికి భాష నేర్పడమంటే తన భాషను మళ్లీ వినడం. తెలుగు ఇల్లు ఎవరిని ‘మనము’లో చేర్చిందో, ఎవరిని ఏళ్ల తరబడి ఇంట తిరుగుతున్నా ‘మేము’ వెలుపల ఉంచిందో ఆ వినికిడిలో బయటపడుతుంది. సముద్రాలు దాటి వచ్చినవానికి మూడు నెలల్లో వరస కలిపిన ఇల్లు ఇరవై ఏళ్లుగా అంట్లు తోముతున్న మనిషికి వరస కలపకపోతే, ఆ ఆతిథ్యంలో విదేశీయత పట్ల మోజు ఎంత, ధర్మం ఎంత అని ప్రశ్నించుకోక తప్పదు.

ఇంటి మాట గురించి మరొక సంగతి. తెలంగాణలోని ఒక కుటుంబం తమలో తాము ‘ఏం జేస్తున్నవ్’, ‘పోతున్న’ అని మాట్లాడుకొంటూ, విద్యార్థి ఎదుట పాఠ్యపుస్తకపు తెలుగుకు మారవచ్చు. తమ మాట నేర్పదగినది కాదన్న సంకోచం అందుకు కారణం. ఉత్తరాంధ్ర, రాయలసీమ ఇళ్లలోనూ ఇదే జరగవచ్చు. ఇంగ్లీషులోకి మారడంలో ఉన్న న్యూనతే ఇందులోనూ ఉంది. విద్యార్థి పుస్తకపు తెలుగు తరగతిలో నేర్చుకొంటాడు. ఇంటికి వచ్చింది ఇంటి తెలుగు కోసం.

అతిథి ధర్మం

ఇంతవరకు ఆతిథేయి బాధ్యత ప్రస్తావనకు వచ్చింది. అతిథికి మాత్రం బాధ్యత లేదా? తెలుగు సాహిత్యం ఇంట చేరినవాని విషయంలో అప్రమత్తంగానే ఉంది. గిరీశం కృష్ణరాయపురం అగ్రహారానికి వెళ్లింది వెంకటేశానికి ఇంగ్లీషు చెప్పే నెపంతోనే. భాష నేర్పే పేరుతో ఇల్లు చేరినవాడు ఇంటి ఆడపడుచు బుచ్చమ్మ జీవితాన్ని తన ఎత్తుగడలకు వాడుకొంటాడు. ‘మనుచరిత్ర’లో ప్రవరుడు అతిథులను ఆదరించి, వారు చూసిన దేశాల కబుర్లు అడిగి తెలుసుకొంటాడు. ఒక సిద్ధుడిచ్చిన పాదలేపం అతణ్ణి హిమాలయానికి చేర్చి చిక్కుల్లో పడవేస్తుంది. మొదటి దానిలో అతిథి ఇంటిని వాడుకొన్నాడు. రెండో దానిలో ఆతిథేయి అతిథి ద్వారా లోకాన్ని చూడాలని ఆశపడ్డాడు. భాషావిద్యార్థి విషయంలో ఈ రెండు ప్రమాదాలూ ఉన్నాయి. పిల్లల విదేశీ చదువుకు దారి దొరుకుతుందని కుటుంబం చోటివ్వవచ్చు. ఆశ తప్పు కాదు. అది అతిథి పట్ల ప్రవర్తనను శాసించినప్పుడే తప్పవుతుంది.

విద్యార్థి వైపు ప్రమాదం మరింత సున్నితమైనది. నేడు భాష నేర్చుకొనే విదేశీయుల్లో పలువురు మానవశాస్త్రం, చరిత్ర, మతం వంటి విషయాల్లో పరిశోధకులు. భాష కోసం విన్న మాటే రేపు పరిశోధన వ్యాసంలో ఉదాహరణగా మారవచ్చు. వంటింటి గుమ్మం దగ్గర ఆగమన్న మాట కుల వివక్షకు సాక్ష్యం కావచ్చు. అది నిజంగా సాక్ష్యమే కావచ్చు కూడా. అయినా అన్నయ్య అనిపించుకొని విన్న మాటను పరిశీలకునిగా రాయడానికి ఇంటివారి ఎరుక, అంగీకారం అవసరం. దీనిపై ఒక అభ్యంతరం ఎదురుకావచ్చు: అన్యాయాన్ని చూసి మౌనంగా ఉండటం అతిథి ధర్మమా? కాదు. వరస కలిపిన మనిషికి ఎదుటనే అడిగే హక్కు ఉంది. ‘ఆమెను నువ్వు అని ఎందుకు అంటున్నారు?’ అన్న ప్రశ్న అదే. ఇంట అడగకుండా దాచుకొని, వెళ్లాక రాసుకోవడం వరసను సాధనంగా వాడుకోవడం.

అతిథి గుర్తించవలసినది మరొకటి ఉంది. ప్రతి ఇంటికీ కొంత ‘మేము’ ఉండాలి. భార్యాభర్తల తగవు, వ్యాధి, అప్పు వంటి వేళల్లో తలుపు మూసుకొనే హక్కు ఇంటికి ఉంది. తెలుగులో మాట్లాడుకొంటున్నారు కనుక వినే హక్కు తనకుందని విద్యార్థి భావించరాదు. ‘మనము’ పిలిస్తే వెళ్లవలసినది, చొరబడవలసినది కాదు.

ఉపసంహారం

భాషావిద్యార్థికి చోటివ్వడంలో అన్నం, గది, భద్రత సొమ్ముతో లెక్క తీరేవి. వాటిని న్యాయంగా ఇచ్చి, న్యాయంగా పుచ్చుకోవాలి. ఆ సొమ్ములో శ్రమించినవారి భాగం వారికి చేరాలి. మాట ఆ లెక్కలో చేరదు. తన భాషలో నిలబడి మాట్లాడటం, తప్పును నవ్వుపాలు చేయకుండా దిద్దడం, తగిన వేళ ‘మీరు’ నుండి ‘నువ్వు’కు రావడం, వరస తెలియజెప్పి అందులోని బరువును ముందే చెప్పడం, తమ మాటపై అతిథి వేసిన ప్రశ్నకు జవాబు వెతుక్కోవడం ఆతిథేయి వంతు. ఉపనిషత్తు చెప్పిన బిడియం ఇక్కడ అక్కరకు వస్తుంది. తన ఇల్లు, తన మాట పరిపూర్ణమైనవి కావని ఎరిగి ఇచ్చేవాడే అతిథి ప్రశ్నను తట్టుకోగలడు.

ఈ బాకీ ఇచ్చినవారికి తిరిగి తీర్చలేనిది. వైదిక సంప్రదాయం మూడు ఋణాల్లో ఋషిఋణాన్ని విద్య ద్వారానే తీర్చుకోవాలన్నది. నేర్చినది కొనసాగించడమే దాని చెల్లింపు. తెలుగు ఇంట తెలుగు నేర్చినవాడు వేరొక దేశంలో మరొకరికి తెలుగు చెప్పినప్పుడు, ఒక తెలుగు పుస్తకాన్ని తన భాషలోకి తీసుకువెళ్లినప్పుడు, తన ఊరికి వచ్చిన పరదేశికి తలుపు తెరిచినప్పుడు ఆ బాకీ కదులుతుంది. ఆతిథేయి వైపు నుండి చెల్లింపు మరింత దగ్గరలో ఉంది. విదేశీయునికి తెరిచిన ‘మనము’ ఇంట రోజూ అడుగుపెట్టే, కులం వల్లనో కూలి వల్లనో అంతవరకు వెలుపల నిలిచిన మనుషులకు కూడా తెరుచుకొన్నదా అన్నది పరిశీలించవలసిన విషయం. విదేశీయులకు తెలుగు నేర్పే సంస్థలు, విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు ఆతిథేయ కుటుంబాలను ఎంపిక చేసేటప్పుడు గది వైశాల్యంతో పాటు ఈ ప్రశ్ననూ వారి ముందుంచడం సముచితం.